నేల ఎరగని మేనల్లుడు

"నువ్వు నోరు మెదపకు. అంతా నేను చూసుకుంటా" అన్నాడు మావయ్య రోడ్డు దాటుతూ.

బల్లికి ఈ మాట కొత్త కాదు. స్కూల్లో చేర్పించేటప్పుడూ మావయ్య ఇదే అన్నాడు, పెళ్లిచూపులకి వెళ్లినప్పుడూ ఇదే అన్నాడు. పెళ్లిచూపుల్లో ఆయన వర్ణన అయ్యాక, తమకి చూపిస్తున్నది ఒక్క కుర్రాణ్ణా ఇద్దరినా అని ఆడపిల్లవాళ్లు పక్కగదిలోకి వెళ్లి కాసేపు తర్జనభర్జన పడ్డారు. సంబంధం కుదరడం వాళ్ల మంచితనం.

బల్లి అసలు పేరు కాదు లెండి. పాకే వయసు దాటిందో లేదో, కిటికీలూ గడపలూ మెట్ల పిట్టగోడలూ ఏది దొరికితే అది పట్టుకుని వేలాడేవాడు, దాంతో ఆ పేరు అతుక్కుపోయింది. తర్వాత జిమ్నాస్టిక్స్‌లో పైకొచ్చి, దేశం తరఫున ఆడి, పేపర్లో ఫొటో పడినా వీధిలో మాత్రం బల్లే. ఇప్పుడు ముప్పై ఒకటో ఏడు. పోయిన ఏడు డాక్టరు భుజం ఫొటో వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, "బాబూ, ఇంక ఇది బరువులు మోయదు, నీ బరువు అసలే మోయదు" అన్నాడు. ఆటకి అదే ఆఖరు. అప్పట్నుంచి ఇంట్లోనే ఉంటున్నాడు. భార్య ఉద్యోగానికి వెళ్తుంది, ఇతను కూతుర్ని స్కూల్లో దింపి, పాలు తెచ్చి, బట్టలు ఆరేసి, గోడకి జారబడి కూర్చుంటాడు. గోడౌన్‌లో కాపలా పని ఉంది, వస్తావా అని బావమరిది రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడిగితే కాదనడానికి బల్లి దగ్గర కారణం లేదు.

అలాంటి సమయంలో, తను చిన్నప్పుడు నేర్చుకున్న హాల్లోనే కోచ్ ఉద్యోగం ఖాళీ అయింది. హాలు ఈమధ్య నడుపుతున్నది ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్. అందరూ పెద్దమేడం అంటారు. ఇంటర్వ్యూలూ గింటర్వ్యూలూ వద్దు, ఎదురుగా టీకొట్టు దగ్గర కూర్చుని మాట్లాడుకుందాం, రమ్మని కబురు పెట్టింది. ఆ కబురు బల్లికంటే ముందు మావయ్య చెవిన పడింది. ఎందుకంటే టీకొట్టు పక్కనే మావయ్య టైలరింగు షాపు.

స్కూలు యూనిఫారాలు కుట్టడంలో మావయ్యకి వంక పెట్టేవాళ్లు లేరు. ఆయన గుడ్డ కత్తిరిస్తే నూలుపోగంత తేడా రాదు. కానీ నోరు తెరిచాడంటే మాత్రం కొలతలన్నీ గాలికి పోతాయి. ఈ సంగతి బల్లికి తెలుసు, వీధి మొత్తానికి తెలుసు, ఒక్క పెద్దమేడంకి తెలీదు. ఆవిడ ఉండేది ఊరికి అవతలి వైపు.

ఆవిడ అప్పటికే బల్ల మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి, చేతిలో గొడుగు. బల్లి నమస్కారం పెట్టి ఎదుటి బల్ల మీద సర్దుకుని కూర్చున్నాడు. మావయ్య పక్కనే కూర్చుని, మెళ్లో వేలాడుతున్న టేపు సవరించుకున్నాడు.

"మేడం, మీకు అబద్ధం చెప్పను" అన్నాడు.

ఆ మాట వినగానే టీకొట్టు అక్క స్టవ్వు మంట తగ్గించింది. ఎదురు సెలూన్ అతను కుర్చీలో ఎవరూ లేరని చూసుకుని, దువ్వెన జేబులో దోపుకుని వచ్చి బల్ల చివర కూర్చున్నాడు.

"వీడికి నాలుగేళ్లు మేడం. మా అక్క వంటింట్లో ఉంది. నేను అప్పుడు కొత్తగా మిషను కొనుక్కుని వాళ్ల ముందుగదిలోనే కుట్టేవాణ్ణి. వీడు కిటికీ ఊచ పట్టుకుని వేలాడుతున్నాడు. దిగరా, చేతులు నొప్పెడతాయి అన్నాను. దిగనన్నాడు. సరే వాడి ఇష్టం అని నా పని నేను చేసుకుంటున్నా. చొక్కా కాలరు అయింది, చేతులు అయ్యాయి, గుండీలు కుట్టాను, ఇస్త్రీ చేశాను, తిరిగి చూస్తే వీడు అలాగే ఉన్నాడు. మొహంలో అలసట అనేది లేదు. అప్పుడే అనుకున్నా, వీడు మామూలువాడు కాదు, వీణ్ణి ఎదురుగా ఉన్న హాల్లో పడేయాలి అని. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లా."

"బాగుంది" అంది పెద్దమేడం. బల్లి చేతుల వైపు చూసింది. అరచేతుల్లో కాయలు ఇంకా పోలేదు. ఆవిడ మెచ్చుకోలుగా తల ఊపింది.

బల్లికి ప్రాణం కుదుటపడింది. ఈ కిటికీ కథ అతను చిన్నప్పట్నుంచీ వింటున్నాడు, పేపరువాళ్లకి తనే రెండుమూడుసార్లు చెప్పాడు కూడా. నిజమేనా అంటే నిజమే అనుకుంటాడు. ఊచకి ఆకుపచ్చ రంగు ఉండేది, అది గుర్తుంది. వేలాడినట్టు గుర్తుందో, వేలాడానని మావయ్య చెప్పినట్టు గుర్తుందో, అది మాత్రం తేలదు. ఏమైతేనేం, కథ ఇక్కడితో ఆగితే ఉద్యోగం చేతిలో పడినట్టే.

కానీ ఎదుటివాళ్లు తల ఊపితే మావయ్యకి ఒళ్లు తెలీదు.

"అక్కడితో అయిందనుకున్నారా మేడం? అవలేదు. భోజనాల వేళయింది, వీడు దిగడే. మా అక్క స్టూలు వేసుకుని ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. తిన్నాడు. అలాగే వేలాడుతూ నిద్రపోయాడు. తెల్లారి చూద్దుము కదా, కిటికీ ఊచ వంగిపోయింది, వీడి మోచెయ్యి మాత్రం వంగలేదు. ఊచ మార్చడానికి వచ్చిన వెల్డింగు అతను ఇది మనిషి పని కాదు, ఏనుగు గానీ వచ్చిందా అని అడిగాడు."

"ఏనుగు కిటికీ దగ్గరికి ఎందుకొస్తుందన్నా?" అన్నాడు సెలూన్ అతను.

"అదే నేనూ అన్నాను" అన్నాడు మావయ్య.

పెద్దమేడం నవ్వింది. పెద్దవాళ్లు పిల్లల గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవడం ఆవిడకి కొత్తేం కాదు. "పోటీల సంగతి చెప్పండి టైలర్ గారూ. రింగుల మీద బాగా చేసేవాడని విన్నాను."

రింగుల మీద బల్లి నాలుగో స్థానంలో వచ్చాడు. పెద్ద పోటీ, పన్నెండు దేశాలు. మూడోవాడికీ ఇతనికీ మధ్య తేడా వెంట్రుకవాసి. ఆ నాలుగు కోసం అతను ఎన్నేళ్లు ఏం చేశాడో అతనికే తెలుసు. తిరిగొచ్చేసరికి వీధి మొగలో బ్యానరు కట్టి ఉంది, దాని మీద "ప్రథమ స్థానం" అని రాసి ఉంది. రాయించింది మావయ్యే. నాలుగు కదా మావయ్యా అంటే, "నాలుగు అని రాస్తే ఎవడు చదువుతాడ్రా" అన్నాడు. అమ్మ కూడా ఆ తర్వాత అందరికీ ఫస్టనే చెప్పింది. పోటీ ఫారాలు నింపేటప్పుడు నాలుగు అని రాస్తుంటే ఎందుకో అబద్ధం రాస్తున్నట్టు చెయ్యి తడబడేది.

"రింగుల సంగతా" అని మావయ్య టేపు రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "చూడండి మేడం, రింగులు ఎత్తులో ఉంటాయి. ఎంత మొనగాడికైనా అందవు. కోచ్ నడుం పట్టుకుని పైకి ఎత్తాలి. మావాణ్ణి ఎత్తాడు. వీడు రెండు చేతులూ పక్కలకి చాపి, ఇదిగో ఇలా, నిలబడిపోయాడు. గాలిలో. రెండు క్షణాలు నిలిస్తే చాలు, మార్కులు వేసేస్తారు. వేసేశారు. ఇంక కదులు అన్నారు. కదలడే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ హాలు పైకప్పులో ఒక పావురం ఉంది. అది చూసింది. దీన్ని మించిన కొమ్మ దొరకదనుకుంది. వచ్చి మావాడి ఎడమచేతి మీద వాలింది."

"వాలి?" అన్నాడు సెలూన్ అతను.

"వాలి ఊరుకుంటుందా? పుల్లలు తెచ్చుకుంది. గూడు కట్టింది. గుడ్లు పెట్టింది. జడ్జీలకి ఏం చెయ్యాలో తోచలేదు. వీణ్ణి దింపితే గుడ్లు పగుల్తాయి, పాపం. దింపకపోతే తర్వాతివాడికి రింగుల్లేవు. రూల్సు పుస్తకం తిరగేశారు, అందులో పావురం గురించి ముక్క లేదు. చివరికి గుడ్లు పొదిగి, పిల్లలకి రెక్కలొచ్చి, ఎగిరిపోయిందాకా ఆగారు. మిగతా దేశాలవాళ్లు హోటళ్లలో గదులు పొడిగించుకున్నారు."

"ఈలోగా భుజం తిమ్మిరెక్కలేదా అన్నా?"

"కుడి భుజమా, ఎడమ భుజమా?"

"ఏదో ఒకటి."

"ఎక్కలేదు" అన్నాడు మావయ్య ఖరాకండిగా.

పెద్దమేడం నవ్వడం మానేసింది. గొడుగు ఒళ్లోకి తీసుకుని బల్లి వైపు తిరిగింది. "బాబూ, నువ్వు చెప్పు. ఇందులో నిజమెంత?"

బల్లి నోరు తెరవబోయాడు. బల్ల కింద మావయ్య చెప్పు అతని పాదం మీద పడింది. తెరిచిన నోటిని ఏదో ఒకటి చెయ్యాలి కదా. "హాల్లో పావురం ఒకటి ఉన్నట్టే గుర్తండీ" అన్నాడు.

అన్నాక తనకే అయోమయంగా అనిపించింది. నిజంగానే ఉందా? పెద్ద హాళ్లలో పావురాలు ఉంటూనే ఉంటాయి. ఆ రోజు రింగుల మీద ఉన్నప్పుడు పైకి చూశాడా? ఎదురుగోడ మీద గడియారం తప్ప ఇంకేం చూసిన జ్ఞాపకం లేదు. మరి పావురం ఎక్కణ్ణుంచి వచ్చింది నోట్లోకి? పెద్దమేడం కళ్లు చిన్నవయ్యాయి. ఆవిడ దృష్టిలో ఇప్పుడు కోతలు కోసేది ఒకరు కాదు, ఇద్దరు. మేనమామ పోలిక రాదా అనుకుని ఉంటుంది.

"చూశారా, వాడే చెప్పాడు" అన్నాడు మావయ్య, సాక్షి దొరికినందుకు పొంగిపోతూ. "సరే, అది రింగులు. ఇంక ఆ పరిగెత్తి దూకేది ఉంది చూడండి, వాల్టు, దాని కథ వేరే. పరిగెత్తుకొచ్చి, బల్ల మీద చేతులు ఆనించి, గాలిలో పల్టీలు కొట్టి దిగాలి. అందరూ రెండు కొడతారు, గట్టివాడు మూడు కొడతాడు. మావాడు ఆ రోజు ఏం తిన్నాడో ఏమో, చేతులు ఆనించాడు, పైకి పోయాడు. పోయాడు అంతే. దిగలేదు."

"దిగకపోవడమేంటన్నా" అంది టీకొట్టు అక్క గ్లాసులు అందిస్తూ.

"దిగలేదు చెల్లెమ్మా. తిరుగుతున్నాడు. ఒకటి, రెండు, మూడు అని జడ్జీలు లెక్కపెట్టారు, తర్వాత లెక్క తప్పింది, మళ్లీ మొదట్నుంచి పెట్టారు. టీలొచ్చాయి, తాగారు. ఒకాయన ఇంటికెళ్లి వాళ్లావిణ్ణి ఆస్పత్రిలో చూపించి తిరిగొచ్చాడు. వీడింకా పైనే. మెడలెత్తి చూసీ చూసీ పెద్ద జడ్జికి మెడ పట్టేసింది, ఇప్పటికీ ఆయన పక్కవాడితో మాట్లాడాలంటే మనిషి మొత్తం తిరగాలి. పొద్దుగూకింది, అప్పుడు దిగాడు. రెండు కాళ్లూ కలిపి, దబ్బున కాదు, మెత్తగా, దూదిపింజ దిగినట్టు."

"పగలంతా పైన ఏం చేశాడు మరి?" అన్నాడు సెలూన్ అతను.

"మళ్లీ అదే అడుగుతావేంట్రా. తిరిగాడు."

సెలూన్ అతను బల్లి మొహంలోకి చూశాడు, ఏమన్నా కళ్లు తిరుగుతున్నాయేమో అన్నట్టు. నిజం చెప్పాలంటే కొద్దిగా తిరుగుతున్నాయి. బల్లికి ఇప్పుడు ఇద్దరు మనుషులు కనిపిస్తున్నారు. ఒకడు మావయ్య చెప్పేవాడు. వాడికి నొప్పి లేదు, భయం లేదు, పక్షులకి వాడంటే నమ్మకం. రెండోవాడు తను. పొద్దున్నే లేచి మణికట్లకి పట్టీలు చుట్టుకుని, తెల్లపొడి రుద్దుకుని, అదే ఊపు, అదే పట్టు, అదే తిట్లు, ఏళ్ల తరబడి. ఈ రెండోవాడి గురించి చెప్పమంటే ఏం చెప్పాలి? రోజూ ఒక్కటే చేశాను, ఒకసారి నాలుగోవాడిగా వచ్చాను, భుజం పోయింది. అంతేగా. టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపే అయిపోతుంది. ఆ మొదటివాడు ఎక్కడన్నా దొరికితే ఉద్యోగం వాడికే ఇచ్చెయ్యండని తనే చెప్పేవాడు.

"గుర్రం మీద కూడా ఏదో చేస్తారంటగా అన్నా?" అన్నాడు సెలూన్ అతను, వదలకుండా.

మావయ్య ఒక్క క్షణం తడుముకున్నాడు. "చేస్తారు. మావాడు గుర్రం మీద చేశాడు."

"గుర్రమంటే అది కాళ్లూ తోకా లేని తోలుదిమ్మ" అంది పెద్దమేడం పొడిగా. "పైన రెండు పిడులు ఉంటాయి."

"అవును మేడం, కాళ్లు లేవు. అదే నేను చెప్పబోయేది. మావాడు దాని మీద చేతుల్తో తిరుగుతుంటే ఆ ఊపుకి, కాళ్లు లేకపోయినా, అది నాలుగడుగులు నడిచింది." ఆవిడ మొహం చూసి, "రెండడుగులే లెండి" అని తగ్గించాడు. మావయ్య జన్మలో తగ్గించిన కొలత అదొక్కటే అయ్యుంటుంది.

పెద్దమేడం గ్లాసు బల్ల మీద పెట్టింది. లేవబోతోందని బల్లికి అర్థమైంది. మావయ్యకీ అర్థమైంది. ఆయనకి ఒకటే మందు తెలుసు, ఇంకొంచెం పెంచడం.

"అసలుది వినలేదు మేడం మీరు. బార్. పైన అడ్డంగా ఇనపకడ్డీ ఉంటుంది చూడండి, దాన్ని పట్టుకుని గిరగిరా తిరగడం. మావాడు మొదలుపెట్టాడు, హాల్లో కరెంటు పోయింది. అందరూ అయ్యో అన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీడు ఆపలేదు. తిరిగే వేగానికి బార్‌లో కరెంటు పుట్టింది, స్తంభాల్లోంచి వైర్లలోకి పాకింది, లైట్లన్నీ భగ్గున వెలిగాయి. బయట వీధి దీపాలు కూడా. ఎవరో ఫోను చార్జింగు పెట్టుకున్నారు. ఆ వేగంలో వీడు బార్ వదిలాడు. వదిలి, తిరిగి పట్టుకోవాలి, అదీ ఆట. కానీ ఊపు ఎక్కువై వెంటిలేటర్లోంచి బయటికి పోయాడు."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, సరిహద్దు దాటి పక్కదేశం పోయాడు. అక్కడా ఒక హాలు, అక్కడా ఒక పోటీ, అక్కడా ఒక బార్. వీడు సూటిగా వెళ్లి ఆ బార్ పట్టుకుని ఆట పూర్తిచేశాడు. వాళ్లకి నోట మాట రాలేదు. మెడలో పతకం వేసేశారు. తర్వాత ఎవరో అడిగారు, వీడు ఏ దేశం తరఫున అని. అక్కడ పడింది పీటముడి. మా గాల్లోంచి వచ్చాడు కాబట్టి మావాడే అని వాళ్లు. మా బార్ మీద మొదలుపెట్టాడు కాబట్టి మావాడే అని మనవాళ్లు. పోలీసులొచ్చి పాస్‌పోర్టు అడిగారు."

"బనీనూ తెల్లపాంటూ, జేబుల్లేవు. పాస్‌పోర్టు ఎక్కడ పెట్టుకుంటాడు పాపం" అంది టీకొట్టు అక్క.

"అదే నా పాయింటు చెల్లెమ్మా. ఆ పాంటు కుట్టింది నేను, జేబు పెట్టలేదు. చివరికి ఏం చేశారు, వచ్చినదారినే పొమ్మని వాళ్ల బార్ మీదే ఎక్కించి నాలుగు ఊపులు ఊపి వదిలారు. అదే వెంటిలేటర్లోంచి లోపలికొచ్చి మన బార్ పట్టుకుని దిగాడు. జనం అప్పటికింకా చప్పట్లు ఆపలేదు."

సెలూన్ అతను దువ్వెన తీసి తన తలే దువ్వుకున్నాడు. ఏం చెయ్యాలో తెలీనప్పుడు అతను చేసే పని అది.

పెద్దమేడం మాత్రం కదలకుండా కూర్చుంది. ఆవిడ మొహంలో కోపం లేదు, విసుగు లేదు. "టైలర్ గారూ, నాకు ఒక్కటి చెప్పండి. ఇన్నేళ్లలో మీవాడు ఎప్పుడన్నా కింద పడ్డాడా?"

మావయ్య నొచ్చుకున్నాడు. పావురాన్ని అనుమానించినా నొచ్చుకోనివాడు దీనికి నొచ్చుకున్నాడు. "పడడమేంటి మేడం. మావాడు పడడం ఏంటి. నేల అంటే ఏంటో వాడికి తెలీదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి పడలేదు. ఎవరన్నా పడ్డాడని చెప్పారా మీకు?"

"లేదు. అయితే సరే" అని ఆవిడ లేచింది. "ఏమీ అనుకోకండి. పడనివాడు నాకు పనికిరాడు."

మావయ్యకి అర్థం కాలేదు. బల్లికీ వెంటనే అర్థం కాలేదు.

"మొన్నటిదాకా ఉన్న కోచ్ కూడా ఇదే చెప్పుకునేవాడు" అంది ఆవిడ. "నేనెప్పుడూ పడలేదు, మీరెందుకు పడతారు అని పిల్లల్ని అనేవాడు. ఒక పిల్ల పడి మణికట్టు విరిగితే, పడ్డానని చెప్పడానికి సిగ్గేసి, వారం పాటు చెయ్యి వెనక్కి పెట్టుకుని తిరిగింది. వాళ్లమ్మ జడ వేస్తుంటే బయటపడింది. ఆ అమ్మకి నేను ఏం సమాధానం చెప్పను? అందుకే అతన్ని పంపేశాను. పిల్లలకి మొదట నేర్పాల్సింది ఎలా పడాలో. మీవాడికి నేలే తెలీదంటున్నారు. ఏం నేర్పుతాడు?"

ఆవిడ గొడుగు తెరిచింది. బల్లికి గోడౌన్ గేటూ, దాని ముందు ప్లాస్టిక్ కుర్చీ కళ్ల ముందు కనిపించాయి. పాదం మీద మావయ్య చెప్పు ఇంకా ఉంది. లాక్కున్నాడు.

"పడ్డానండీ" అన్నాడు.

"ఊరుకోరా" అన్నాడు మావయ్య.

"చాలాసార్లు పడ్డాను మేడం. రోజూ పడేవాణ్ణి. పోటీల్లో కూడా పడ్డాను. నా ఆఖరి పోటీలో, బార్ మీంచి, అందరి ముందూ పడ్డాను."

"మేడం, వాడికి ఆ మధ్య జ్వరం వచ్చింది, ఏదో మాట్లాడుతున్నాడు. టీవీలో మొత్తం వచ్చింది ఆ పోటీ, వీధి వీధంతా చూసింది. పడ్డట్టు ఎవరన్నా చూశారా? చెల్లెమ్మా, నువ్వు చూశావా?"

"లేదన్నా" అంది టీకొట్టు అక్క. "మన బల్లి బార్ ఎక్కేదాకా చూపించి, వేరే ఎవరినో చూపించారు."

"ఒకేసారి నాలుగైదు చోట్ల ఆడతారు, కెమెరా ఒకచోటే ఉంటుంది" అన్నాడు బల్లి. "నేను పడ్డప్పుడు కెమెరా నా మీద లేదు. అందుకే ఇక్కడ ఎవరికీ తెలీదు. నేను చెప్పలేదు."

"చెప్పలేదంటే జరగలేదనేగా" అన్నాడు మావయ్య.

బల్లికి మతి పోయింది. తను చేయనివన్నీ చేశాడని ఇంతసేపూ నమ్మించారు, పావురం విషయంలో దాదాపు నమ్మేశాడు కూడా. తీరా తను చేసింది ఒక్కటి చెప్పుకుందామంటే దానికి సాక్ష్యం అడుగుతున్నారు. ఉద్యోగం కోసం తను పడ్డానని నిరూపించుకోవాల్సిన గతి పడుతుందని కలలో కూడా అనుకోలేదు. నిజంగానే పడ్డాడా అని ఒక్క క్షణం తనకే అనుమానం వచ్చి, ఎడమ భుజం తడుముకున్నాడు. అది ఉంది, నొప్పిగానే ఉంది.

"మావయ్యా, నేను బార్ వదిలి తిరిగి పట్టుకునేచోట పట్టు తప్పింది. కప్పలా బోర్లా పడ్డాను. హాలంతా చూసింది. నువ్వు అక్కడ లేవు, నీకెలా తెలుస్తుంది?"

"బోర్లా ఎక్కడ పడ్డావురా?" మావయ్య గొంతు లేచింది. "ఎవరన్నా వింటే నిజమనుకుంటారు. కుడిచెయ్యి అందింది, ఎడమది వేలికొసల్లో జారింది. ఒంటిచేత్తో సగం తిరిగావు, అప్పుడు వదిలావు. బోర్లా పడాల్సినవాడివి. నువ్వు చేతులు ముందుకి పెట్టలేదు, గడ్డం గుండెకి ఆనించావు, గాలిలోనే ఒళ్లు తిప్పి ఎడమ భుజం మీద వాలి పక్కకి దొర్లావు. తల నేలకి తగల్లేదు. దాన్ని పడడం అంటారా?"

ఇంతసేపటికి మొదటిసారి మావయ్య మాటల్లో ఏనుగు లేదు, పావురం లేదు, పక్కదేశం లేదు. ఎడమ అంటే ఎడమే. బల్లి ఆ పడడాన్ని కళ్లు మూసుకుని ఎన్నోసార్లు చూసుకున్నాడు. తను లోపల్నుంచి చూసింది అంతా గజిబిజి, ఎప్పుడూ బోర్లా పడినట్టే అనిపించేది. ఇప్పుడు మావయ్య చెప్తుంటే భుజం ఎలా ఆనిందో, ఎటు దొర్లాడో ఒక్కొక్కటే సరిగ్గా వచ్చి కూర్చుంది.

టీకొట్టు అక్కే అంది చివరికి. "ఆ పోటీ అప్పుడేగా, స్కూళ్లు తెరిచే వారం, యూనిఫారాలు కుప్పలు పెట్టుకుని, ఏదో పెళ్లుందని షాపుకి తాళం వేసి పోయావు కదన్నా. జనం నా దగ్గరికొచ్చి తిట్టిపోశారు."

"పెళ్లికే వెళ్లాను" అన్నాడు మావయ్య. "పోటీ హాలు దారిలో పడింది."

పెద్దమేడం గొడుగు మూసింది. మళ్లీ కూర్చోలేదు గానీ, బల్లి ఎదురుగా వచ్చి నిలబడింది. "పడ్డాక ఏం చేశావు బాబూ?"

"లేచానండీ. చేతులకి పొడి రాసుకున్నాను. కోచ్ మళ్లీ ఎత్తి బార్ అందించాడు. మిగిలింది పూర్తి చేశాను."

"చేతులు ముందుకి పెట్టకుండా, గడ్డం ఆనించి, భుజం మీద. అది పిల్లలకి నేర్పగలవా?"

"అదొక్కటీ నాకు బాగా వచ్చండీ."

"రేపు పొద్దున్నే పిల్లలొస్తారు. మొదటి వారం బార్ ముట్టుకోనివ్వకు. పడడమే." ఆవిడ రోడ్డు మీదికి రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "టైలర్ గారూ, పొద్దుట్నుంచీ మీరు చెప్పినవాటిలో నిజం ఇదొక్కటే. ఉద్యోగం వచ్చింది దీనికే."

ఆవిడ రోడ్డు దాటి హాల్లోకి వెళ్లేదాకా మావయ్య టేపు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. సెలూన్‌కి ఎవరో వచ్చారు, అతను లేచి వెళ్లాడు. టీకొట్టు అక్క స్టవ్వు మంట పెంచి పనిలో పడింది.

బల్లికి సంతోషంగా ఉండాలి. ఉంది కూడా, కానీ దాని మీదికి ఇంకేదో వచ్చి కూర్చుంది. మావయ్య ఒక్క పోటీకీ రాలేదని ఇన్నేళ్లూ మనసులో చిన్న కష్టం ఉండేది. కథలు చెప్పడానికి ముందుంటాడు, చూడ్డానికి మాత్రం రాడు అనుకునేవాడు.

"ఎక్కడ కూర్చున్నావు?" అన్నాడు.

"ఎక్కడేంటి, టికెట్లు అయిపోయాయి, జనం తొక్కుకుంటున్నారు, నేను నేరుగా పైకప్పు ఎక్కి..." బల్లి ఊరికే చూస్తూ ఉన్నాడు. మావయ్య ఆగిపోయాడు. "వెనక. తలుపు పక్క సీట్లో."

"మరి నన్ను కలవకుండా ఎందుకొచ్చేశావు?"

"నువ్వు లేచిందాకా ఉన్నాను. లేచాక వచ్చేశాను."

"లేచాకే కదా మావయ్యా నేను బాగా చేసింది. ఆఖర్న దిగినప్పుడు అడుగు కూడా కదల్లేదు. హాలంతా లేచి చప్పట్లు కొట్టారు, నిజంగా కొట్టారు. అది చూడలేదా నువ్వు?"

"లేదు."

"ఎందుకని?"

మావయ్య టేపు మళ్లీ మెళ్లో వేసుకుని షాపు వైపు నడిచాడు.

"లేచావు కదరా" అన్నాడు. "ఇంకేం చూడాలి?"